ఆఖరి దినాల లెక్కలు – చరిత్ర చెప్పే సంగతులు

మన సొసైటీ వార్షిక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరినప్పుడు, గుర్రంకొండ కోట మీదనో టిప్పు సుల్తాను మీదనో వ్రాద్దామని మొదట అనుకొన్నాము. అయితే ఈ మధ్య బడిలో పిల్లలు మమ్ములను అడుగుతున్న ప్రశ్న గుర్రంకొండను గురించి కాదు. "సార్, ఖయామత్ ఇంక దగ్గర పడిందంట గదా? దజ్జాల్ పుట్టేసినాడంట గదా?" అంటున్నారు. ఎవరు చెప్పినారు నాయనా అంటే, ఫోనులో వచ్చింది సార్ అంటారు. పదవ తరగతి పిల్లవాడొకడు, అట్లయితే పరీక్షలు ఎందుకు సార్ అని కూడా అడిగినాడు. నవ్వి ఊరుకోవచ్చును గాని, ఆ ఫోనులో వచ్చిన ముక్క దజ్జాల్ దగ్గర ఆగలేదు. వాడి మనుషులు ఫలానా మతంవాళ్ళే అని పక్క వీధివారిని చూపించింది. అటు పక్క వీధిలో కూడా అటువంటివే తిరుగుతున్నాయనీ, వాటిలో చూపించేది మన వీధినేననీ తెలిసిన తరువాత ఈ సంగతి వ్రాయడమే మంచిదని తోచింది. మేము ఆలిములము కాము. ఉర్దూ మీడియం బడిలో చరిత్ర చెప్పుకొనే వాళ్ళము. కనుక షరీయతు విషయాలు పెద్దలకు వదలి, ఆఖరి దినాలను గురించి మనుషులు ఇంతవరకు వేసిన లెక్కలు ఏమయినవో మాత్రమే విన్నవించుకొంటాము.

ముందుగా ఒక్క మాట. ఖయామత్ గడియ ఎప్పుడన్న జ్ఞానం అల్లాహ్ దగ్గర మాత్రమే ఉన్నదని ఖురాను షరీఫులో ఒకచోట కాదు, అనేక చోట్ల చెప్పబడింది. క్రైస్తవ సోదరుల మత్తయి సువార్త 24వ అధ్యాయంలో కూడా, ఆ దినమూ ఆ గడియా దేవదూతలకు సైతం తెలియవనే ఉన్నది. రెండు గ్రంథాలూ ఈ విషయంలో తలుపు మూసివేసినవే. అయినా రెండు మతాలవారూ పదునాలుగు, ఇరవై శతాబ్దాలుగా ఆ తలుపు సందులో నుంచి తొంగి చూస్తూనే ఉన్నారు.

బైబిలులో చిట్టచివరి పుస్తకం ప్రకటన గ్రంథం. క్రీస్తు తరువాత మొదటి శతాబ్దం చివరలో, రోము చక్రవర్తుల హింస నడుమ, పత్మాసు అనే ద్వీపంలో ఉండిన యోహాను చూసిన దర్శనాలుగా అది వ్రాయబడింది. అందులో ఒక క్రూరమృగం వస్తుంది, దాని సంఖ్య 666. ఈ సంఖ్యను పట్టుకొని యూరపు దేశాలవారు చేసిన కసరత్తు ఇంతా అంతా కాదు. ఒకరు పోపుగారి పేరులో చూపినారు. ఇంకొకరు నెపోలియను పేరులో చూపినారు. టాల్‌స్టాయి వ్రాసిన 'యుద్ధము – శాంతి' నవలలో పియరు అనే పాత్ర నెపోలియను పేరుకు ఈ లెక్క కట్టి, ఆనక తన పేరుకు కూడా కట్టి చూసుకొంటాడు. పేరు సరిపోకపోతే అక్షరం అటూ ఇటూ చేసి సరిపెడతాడు. అందరు లెక్కగాళ్ళ పద్ధతీ అదే.

నిజానికి ఈ 666 మన ఉర్దూ చదువుకొన్నవారికి సులభంగా అర్థమయ్యే సంగతి. బిస్మిల్లాకు 786 అని మన పెండ్లిపత్రికల మీద వేస్తాము గదా. అది అబ్జదు లెక్క, అక్షరానికి ఇంత అని కట్టిన విలువల మొత్తము. మన పాత ఉర్దూ కవులు ఎవరైనా పెద్దమనిషి గతించితే ఒక మిస్రాలో మరణ సంవత్సరం వచ్చేటట్లు 'తారీఖు' చెప్పేవారు. హీబ్రూ భాషలో కూడా ఇటువంటి లెక్కే ఉన్నది. నీరో చక్రవర్తి పేరును 'నెరోన్ కేసర్' అని ఆ అక్షరాలలో వ్రాసి కూడండి: నూన్ 50, రే 200, వావ్ 6, నూన్ 50, ఖాఫ్ 100, సీన్ 60, రే 200. మొత్తం సరిగ్గా 666. కొన్ని పాత ప్రతులలో 666కు బదులు 616 అని ఉన్నది. చివరి నూన్ తీసివేసి 'నెరో' అని వ్రాసినట్లయితే 50 తగ్గి 616 అవుతుంది. అందువల్ల పండితులు చాలామంది ఆ మృగం రాబోయే కాలంవాడు కాదనీ, క్రైస్తవులను హింసించిన నీరో చక్రవర్తేననీ అభిప్రాయపడినారు. నీరో 68వ సంవత్సరంలోనే చనిపోయినాడు. ఆ కాలపు బాధితులు తమ కాలపు దొర పేరు బహిరంగంగా వ్రాయలేక అంకెలలో దాచుకొన్న మాటను, తరువాతి కాలంవారు తమకు గిట్టనివారి మీదికి విసురుతూ వచ్చినారు.

ఆ విసరడంలో మన పేరు కూడా వచ్చింది. ఇది మనవారిలో చాలామందికి తెలియదు. యాజూజ్ మాజూజ్ అని మనం చెప్పే వారిని బైబిలులో గోగు మాగోగు అంటారు. 4వ శతాబ్దంలో ఆంబ్రోసు అనే బిషపు గోగు అంటే గోతు జాతివారన్నాడు. 13వ శతాబ్దంలో మంగోలులు వచ్చి పడినప్పుడు క్రైస్తవులలోనూ, మనవారిలోనూ వాళ్ళే వీళ్ళు అన్నవారున్నారు. 1529లో తురుష్కులు వియన్నా నగరాన్ని ముట్టడించగా, ఆ మరుసటి సంవత్సరమే జర్మనీలో మార్టిన్ లూథరు గోగు అంటే తురుష్కుడే అని వ్రాసినాడు. 20వ శతాబ్దంలో సోవియట్ రష్యాయే గోగు అన్నారు. 1970లో అమెరికాలో హాల్ లిండ్సే అనే ఆయన ఇటువంటి పుస్తకం వ్రాస్తే కోట్ల ప్రతులు అమ్ముడుపోయినవి. 1991లో ఆ సోవియట్ రాజ్యమే లేకుండా పోయింది. గోగు మాత్రం నిరుద్యోగి కాలేదు, ఇంకొక దేశానికి బదిలీ అయినాడు.

లెక్కలలో ఎక్కువ పేరు పొందినది విలియం మిల్లరుది. ఈయన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు రైతు, నిజాయితీపరుడు. ఈ సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఇటువంటివారందరూ దొంగలే అనుకోవడం చరిత్ర కాదు. దానియేలు గ్రంథంలో 2300 దినాలు అనే మాట ఉన్నది. దినమంటే సంవత్సరం అని పట్టుకొని, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కించి, ఈసా అలైహిస్సలాం 1843 ప్రాంతంలో తిరిగి వస్తారని మిల్లరు బోధించినాడు. ఆ ఏడు గడిచింది, ఎవరూ రాలేదు. క్రీస్తుపూర్వానికీ క్రీస్తుశకానికీ నడుమ సున్న సంవత్సరం లేదు గనుక ఒకటి తగ్గిందని సర్దుకొన్నారు. చివరకు ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 అని ఖాయం చేసినారు. కొందరు రైతులు పొలంలో పంటను తీయకుండానే వదిలినారు. కొందరు అంగళ్ళు మూసినారు. ఆ రాత్రి గడిచి తెల్లవారింది. ఆ దినాన్ని వాళ్ళే 'మహా నిరాశ' అని పిలుచుకొన్నారు. ఆ నిరాశలో మిగిలినవారిలో నుంచే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం ఏర్పడింది.

ఈ మిల్లరు అనుచరులలో జోసయ్యా లిచ్ అనే ప్రచారకుడు వేసిన లెక్క మనకు మరీ ముఖ్యం. ప్రకటన గ్రంథం 9వ అధ్యాయంలోని మిడతల దండు అంటే అరబ్బులనీ, యూఫ్రటీసు (మనము ఫురాత్ అంటాము) నది దగ్గర విడుదలయ్యే సేనలంటే ఉస్మానియా తుర్కులనీ యూరపులో చాలా కాలంగా వ్యాఖ్యానం చెప్పేవారు. లిచ్ దీనికి అంకెలు కట్టినాడు. 1299 జూలై 27 నుంచి 150 సంవత్సరాలు, ఆ మీద 391 సంవత్సరాల 15 దినాలు. వెరసి 1840 ఆగస్టు 11న ఉస్మానియా సల్తనత్ అధికారం పోతుందన్నాడు. ఆ నెలలో జరిగినది ఏమిటంటే, ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ మీద సుల్తానుకు యూరపు రాజ్యాలు అండగా నిలబడినవి. చూచినారా, సుల్తాను ఇతరుల చేతిలోకి పోయినాడు, జోస్యం నెరవేరింది అన్నారు. ఆ సల్తనత్ ఇంకా 82 ఏండ్లు నడిచి 1922లో అంతమయింది. ఖిలాఫత్ 1924 మార్చి 3న రద్దయింది. లెక్క తప్పిన సంగతి ఎవరూ చెప్పలేదు గాని, మిడతలంటే ముసల్మానులు అన్న ముద్ర మాత్రం చాలా పుస్తకాలలో నిలిచిపోయింది.

ఇట్లా వ్రాసినందువల్ల పాదిరీలందరూ ఇదే పనిలో ఉన్నారని ఎవరూ అనుకోరాదు. అదే అమెరికా నుంచి ఆర్కాటు మిషను తరఫున వచ్చిన డాక్టరు జేకబ్ చేంబర్లేన్ దొర 1860ల నుంచి మదనపల్లెలో వైద్యం చేసినాడు. తెలుగు బైబిలును సవరించిన కమిటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1908లో మదనపల్లెలోనే చనిపోయినాడు. ఆ తరువాత మిషనులన్నీ కలిసి ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టినవి. లోకం రేపే ముగుస్తుందని కూర్చొన్నవారు రోగికి సంవత్సరాల తరబడి మంచం వేయలేరు. మన దగ్గర కూడా, ఖయామత్ వచ్చేస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటి తీరమన్న హదీసు ఉన్నదని పెద్దలు చెబుతారు.

ఇక ఆఖరి యుద్ధం సంగతి. ప్రకటన గ్రంథం 16వ అధ్యాయంలో యూఫ్రటీసు ఎండిపోయిన తరువాత రాజులందరూ హర్‌మెగిద్దోను అనే చోట యుద్ధానికి కూడుకొంటారని ఉన్నది. మెగిద్దో అన్నది కల్పిత స్థలం కాదు, పాలస్తీనాలో నిజంగా ఉన్న గుట్ట. అక్కడ 1918 సెప్టెంబరులో నిజంగానే యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో మనవాళ్ళు ఉన్నారు!

మొదటి ప్రపంచయుద్ధంలో జనరల్ అలెన్బీ 1917 డిసెంబరు 11న జెరూసలేము, అనగా బైతుల్ మఖ్దిస్ నగరంలోకి కాలినడకన ప్రవేశించినాడు. నైలు నది నీళ్ళు పాలస్తీనాకు వచ్చినప్పుడు ఒక నబీ వచ్చి ఆ పట్టణాన్ని విడిపిస్తాడని అరబ్బులలో పూర్వం నుంచి జోస్యం ఉన్నదనీ, ఇంగ్లీషువారు గొట్టాలలో నైలు నీళ్ళు తెచ్చినారు గనుక అలెన్బీయే 'అల్ నబీ' అనీ అప్పుడు కథలు పుట్టినవి. నవూజుబిల్లాహ్! మరుసటి సంవత్సరం సెప్టెంబరు 19న మొదలైన దాడిలో, హిందూస్తానీ గుర్రపుదళాలు ముస్‌మస్ కనుమ గుండా రాత్రికి రాత్రి మెగిద్దో పక్కగా దిగినవి. 20వ తేదీ తెల్లవారుజామున సెకండ్ లాన్సర్లు ఆ మైదానంలో తుర్కుల మీద బల్లేలతో పడినారు. 23వ తేదీన జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లు హైఫా పట్టణాన్ని పట్టుకొన్నారు. అదే బ్రిగేడులో హైదరాబాదు లాన్సర్లు కూడా ఉండిరి. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలిచిన మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సిపాయీలకు గుర్తుగా 1922లో పెట్టినవే.

అంటే చూడండి. బైబిలు ప్రకారం ఆఖరి యుద్ధం జరగవలసిన మైదానంలో ఒకవైపు ఖలీఫా సైన్యం. మరొకవైపు ఇంగ్లీషు రాజు కొలువులో హిందువు, సిక్కు, ముసల్మాను సిపాయీలు. ఖలీఫా మనుషులకు ఎదురు నిలవడం ఆ ముసల్మాను సిపాయీలకు ఎంత బాధాకరమో, ఆ వెంటనే మన దేశంలో లేచిన ఖిలాఫత్ ఉద్యమాన్ని చూస్తే ఊహించుకోవచ్చును. అలెన్బీ దొరకు తరువాత లార్డు బిరుదు ఇచ్చినప్పుడు దానికి మెగిద్దో పేరునే తగిలించినారు. యుద్ధం ముగిసింది, సిపాయీలలో బ్రతికినవారు ఇండ్లకు తిరిగి వచ్చినారు. లోకం ముగియలేదు. అయినా ఆ ఆఖరి యుద్ధం ఇంకా రావలసి ఉన్నదని ఈనాటికీ పుస్తకాలు వస్తున్నవి. ఆ భూమి మీద నిజంగా బ్రతికేవారు, వాళ్ళు యూదులు కానీ అరబ్బులు కానీ, ఆ పుస్తకాలలో మనుషులుగా కనబడరు, చదరంగపు కాయలుగా కనబడతారు. మాకు ఇందులో ఎక్కువగా కష్టం కలిగించే సంగతి ఇదే.

ఇతరుల లెక్కలే చెప్పి మనవి దాచుకొంటే న్యాయం కాదు. హిజ్రీ 1000వ సంవత్సరం (అది 1591లో మొదలయింది) దగ్గర పడుతున్నదంటే హిందూస్తానంలో ఎంతో అలజడి కలిగింది. దానికి ముందే జౌన్‌పూరుకు చెందిన సయ్యద్ ముహమ్మద్ గారు తానే మహదీనని ప్రకటించినారు. ఆయన దేశదేశాలు తిరిగి 1505లో ఆఫ్ఘనిస్తానంలోని ఫరాహ్‌లో గతించినారు. వారిని నమ్మే మహ్‌దవీ సోదరులు హైదరాబాదు చంచల్‌గూడలోనూ, మైసూరు సీమలోని చెన్నపట్నంలోనూ ఈనాటికీ ఉన్నారు. వారి నమ్మకం వారిది, వారి భక్తిని గురించి మేము ఒక్క మాట అనము. కాని ఆ నమ్మకం కోసమే షేక్ అలాయీ అనే మహ్‌దవీ పెద్దను ఇస్లాం షా సూరీ కాలంలో, 1550లో, కొరడాలతో కొట్టించి చంపినారు. కొట్టించినవారూ కలిమా చదివినవారే. అక్బరు బాదుషా వేయి సంవత్సరాల చరిత్రగా 'తారీఖె అల్ఫీ' వ్రాయించి, వెయ్యి అన్న అర్థం వచ్చే మాటతో నాణేలు కూడా వేయించినాడు. వెయ్యి నిండింది. వెయ్యిన్ని ఒకటి వచ్చింది.

హిజ్రీ 1400 మొదటి దినం, అనగా 1979 నవంబరు 20న జరిగింది ఇంతకన్నా ఘోరం. జుహైమాన్ అనే మనిషి వందలాది అనుచరులతో తుపాకులు పట్టుకొని మక్కాలో మస్జిదె హరాంను ఆక్రమించి, తన బంధువు ఖహ్తానీయే మహదీ అని మైకులో ప్రకటించినాడు. అల్లాహ్ ఇంటిలో రెండు వారాలు కాల్పులు జరిగినవి. రెండు వందలకు పైగా ప్రాణాలు పోయినవి. మహదీ అన్న మనిషి కాల్పులలోనే చచ్చినాడు. 1980 జనవరి 9న 63 మందికి మరణశిక్ష అమలు చేసినారు. జోస్యం కాగితం మీద ఉన్నంత సేపు వినోదం. దానిని నిజం చేస్తామని ఎవరైనా లేస్తే ఏమవుతుందో చూడడానికి ఇది చాలు.

మన రాయలసీమలో ఆఖరి దినాల మాట వస్తే బ్రహ్మంగారి పేరు రాకుండా ఉండదు. 17వ శతాబ్దంవారని చెప్పే పోతులూరి వీరబ్రహ్మంగారు బనగానపల్లెలో ఉండి, కడప సీమలోని కందిమల్లాయపల్లెలో మఠం కట్టుకొన్నారు. వారి కాలజ్ఞానం తెలియని తెలుగువారు లేరు. వారి ముఖ్య శిష్యుడు సిద్దయ్య మన దూదేకుల కుటుంబంలోవాడు. కొడుకు హిందువుల గురువును చేరినాడని తల్లిదండ్రులు నవాబుకు ఫిర్యాదు చేసినారని కథ. ముడుమాలలో సిద్దయ్య సమాధి ఉన్నది. గురువు కులమూ శిష్యుడి మతమూ అడ్డు రాని ఆ సంబంధం మాకు కాలజ్ఞానంలోని ఏ జోస్యం కన్నా గొప్పగా తోస్తుంది.

కాని కాలజ్ఞానం పేర అచ్చయిన పుస్తకాలు ఒకదానితో ఒకటి కలవవు. తాటాకుల నుంచి అచ్చుకు వచ్చేటప్పుడు, ఒక అచ్చు నుంచి ఇంకొక అచ్చుకు పోయేటప్పుడు చేరినవి ఎన్నో. ముఖానికి రంగు వేసుకొనేవారు రాజ్యమేలుతారని బ్రహ్మంగారు ముందే చెప్పినారని 1983లో రామారావుగారు ముఖ్యమంత్రి అయిన తరువాత విన్నాము. 1984లో ఆయనే బ్రహ్మంగారి వేషం కట్టి సినిమా తీసినారు. 2020లో కరోనా వచ్చిన తరువాత, ఆ జబ్బు పేరు కూడా కాలజ్ఞానంలో ఉన్నదని ఊరూరా ఫోనులలో తిరిగింది. 'వచ్చిన తరువాత' అన్న మాటను గమనించమని మనవి. జబ్బు రాకముందు ఆ పద్యం చూపించి మాస్కులు కుట్టించినవారిని మేము చూడలేదు.

మదనపల్లె సంగతి వేరు. అంగళ్లు ఉన్న కురబలకోట మండలంలోనే రిషివ్యాలీ బడి ఉన్నది. దాన్ని స్థాపించిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో మదనపల్లెలో పుట్టినారు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. తరువాత కుటుంబం మద్రాసు అడయారు చేరినప్పుడు, 1909లో దివ్యజ్ఞాన సమాజంవారు ఆ పిల్లవాణ్ణి చూసి, లోకమంతా ఎదురుచూస్తున్న జగద్గురువు ఈ శరీరంలోనే వస్తాడన్నారు. క్రైస్తవులు ఎదురుచూసే క్రీస్తూ, బౌద్ధులు ఎదురుచూసే మైత్రేయుడూ ఒక్కరేనని వారి బోధ. 1911లో ఆయన పేర 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్' అనే సంఘం పెట్టినారు. దేశదేశాలలో వేలాదిమంది సభ్యులైనారు. హాలెండులో ఒక జమీందారు తన కోటనూ, వేలాది ఎకరాలనూ వ్రాసి ఇచ్చినాడు. మదనపల్లెలో 1915లో కాలేజీ పెట్టిన అనీబిసెంటమ్మగారే దీనికంతటికీ ప్రాణం.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్ అనే చోట, బిసెంటమ్మగారు ఎదుట కూర్చొని ఉండగా, మూడువేల మంది ముందు కృష్ణమూర్తిగారు లేచి ఆ సంఘాన్ని రద్దు చేసినారు. తనకు శిష్యులు వద్దన్నారు. కోటనూ భూములనూ ఇచ్చినవారికి తిరిగి ఇప్పించినారు. మహదీ అని, క్రీస్తు అని తమంతట తాము చెప్పుకొన్నవారు చరిత్రలో కొల్లలు. నువ్వే అని లోకం సింహాసనం వేసి పిలిస్తే, కాదు అని దిగివచ్చినవాడు మా ఎరుకలో ఈ మదనపల్లె మనిషి ఒక్కడే. ఆయన తరువాత చెప్పిన బోధలన్నీ మనకు ఒప్పుదల కానక్కరలేదు. 1986లో చనిపోయేదాకా ఆ 'కాదు' మీదనే నిలబడినారు.

చివరగా, మన ఇండ్లలోకే వచ్చే కాగితం ఒకటున్నది. మదీనా మునవ్వరాలో రౌజా షరీఫ్ ఖాదిం షేక్ అహ్మద్ గారికి కలలో హజ్రత్ రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం కనబడినారనీ, తౌబా తలుపు మూసుకోబోతున్నదనీ, సూర్యుడు పడమట పొడవబోతున్నాడనీ, ఈ కాగితాన్ని ఇన్ని నకళ్ళు తీసి పంచితే లాభం, పంచకపోతే నష్టం అనీ అందులో ఉంటుంది. మన పెద్దలు చేతితో నకలు వ్రాసి పంచినారు. తరువాత జిరాక్సులు వచ్చినవి, ఇప్పుడు వాట్సాపులో వస్తున్నది. ఇటువంటి ఉత్తరాలు క్రైస్తవులలోనూ ఉన్నవి. ఆకాశం నుంచి పడిందన్న ఉత్తరాన్ని 6వ శతాబ్దంలోనే స్పెయిను దేశపు బిషపు ఒకాయన ఖండించినాడు. 1908లో తూర్పు ఆఫ్రికాలో మక్కా నుంచి వచ్చిందన్న ఇటువంటి ఉత్తరం ఒకటి తిరిగితే జనం కలవరపడి, జర్మను ప్రభుత్వం కూడా బెదిరింది. మిస్రు పండితుడు రషీద్ రజా, సౌదీలో షేక్ ఇబ్నె బాజ్, ఇద్దరూ షేక్ అహ్మద్ వసీయత్ అబద్ధమని వ్రాసినారు. స్నూక్ హర్‌గ్రోన్యే అనే డచ్చి పండితుడు దీనిని గురించి వ్యాసం అచ్చు వేసింది 1884లో. అప్పటికే షేక్ అహ్మద్ గారు రౌజాకు ఖాదిం. పోయిన రంజానులో మా ఫోనుకు వచ్చిన నకలులో కూడా ఆయనే ఖాదిం. కల వచ్చింది మాత్రం మొన్న శుక్రవారం రాత్రేనట.